నిమ్మపండు రంగు గోడలో రెండు చచ్చిన సాకెట్లు

ఇంజనీరు బావ గోడకు చెవి ఆనించి విన్నాడు. సాకెట్లు చచ్చిన గోడలో ఏం వినపడుతుందో ఆయనకే తెలియాలి. ఆయన ఇంజనీరూ కాదు, ఎలక్ట్రీషియనూ కాదు. బట్టల కొట్లో మేనేజరు. ఎప్పుడో ఎవరింట్లోనో ఫ్యూజు వేసిన పుణ్యానికి బంధువులు ఆ బిరుదు తగిలిస్తే, ఈ రోజు వరకూ దాన్ని దించుకోలేదు.

"ఎలకలు, చెల్లెమ్మా. లోపల తీగ కొరికేశాయి. ఈ మూల నుంచి ఆ మూల దాకా పగలగొట్టాల్సిందే," అంటూ సంచీలోంచి ఉలి తీశాడు.

కొత్తకోడలు ఉలి వైపూ, గోడ వైపూ చూసింది. ఆ గోడకు నిమ్మపండు రంగు వేసింది తనూ మొగుడూ. పెళ్లయిన మొదటి మూడు ఆదివారాలూ దాని ముందే గడిచిపోయాయి. అతని మోచెయ్యి తగిలి పడ్డ మచ్చను కూడా ఆమె దిద్దనివ్వలేదు. పొద్దున్నే ఎండ దాని మీద పడితే గదంతా నవ్వినట్టుంటుంది. ఆడపడుచు మొగుడని మర్యాద ఇచ్చి పిలిస్తే, ఈ మహానుభావుడు ఉలితో తయారయ్యాడు.

"ఎలక గోడలోకి ఏ దారిన వెళ్లింది, అన్నయ్యగారూ?"

"దానికి దారి మనం చూపించాలా?" అని ఆయన బావమరిదికి కన్నుగీటాడు. "కాలేజీ చదువోయ్ ఇది. అన్నీ ప్రశ్నలే!"

చిన్నప్పటినుంచీ బావ మాటకు తలూపి తలూపి మొగుడికి అదే అలవాటయింది. దుమ్ము పడకుండా మంచం మీద దుప్పటి కప్పసాగాడు.

ఆ దుప్పటి చూడగానే ఆమెకు ఒళ్లు మండింది. బీరువాలోంచి కాలేజీ రోజుల్లో కొన్న తన సాకెట్ టెస్టర్ తెచ్చింది. మూడు కాళ్ల ప్లగ్గు, వీపు మీద మూడు బుల్లి దీపాలు.

"ఆటబొమ్మా?" అని బావ పెదవి విరిచి, తన లైన్ టెస్టర్‌ని చచ్చిన సాకెట్టులో గుచ్చాడు. అది వెలిగింది. "చూశావా, కరెంటు వస్తోంది!"

"మరి దీంట్లో పెట్టిన ఫ్యాను తిరగదేం?"

"అందుకే ఎలక అంటున్నా."

"వచ్చే తీగని వదిలేసి, తిరిగిపోయే తీగనే ఏరి కొరికిందా? మా ఇంటి ఎలక మీకంటే ఎక్కువ చదువుకుందన్నమాట."

గోడకు వరుసగా మూడు సాకెట్లున్నాయి. పనిచేస్తున్న తలుపు పక్కదాంట్లో పెడితే టెస్టర్ మీద రెండు దీపాలు వెలిగాయి. అంతా సవ్యమేనని గుర్తు. కిటికీ వైపు రెండింట్లోనూ ఒక్కటే వెలిగింది. అంటే వాటికి తిరిగిపోయే తీగ, అదే న్యూట్రల్, అందడం లేదు. ఆ రెండింటికీ తీగలు వెళ్లేది తలుపు పక్కదాంట్లోంచే.

"ముందు తలుపు పక్కది విప్పి చూద్దాం."

"పనిచేసేదాన్నా? నీకు జ్వరమొస్తే మీ ఆయనకి సూది పొడుస్తారా? కిందటివారం నా చేత్తో మార్చానమ్మా దాన్ని. చెక్కుచెదరదు." ఉలి గోడకు ఆనించి సుత్తి ఎత్తాడు.

ఆమె మొగుడి వైపు చూసింది. "ఏమండీ, మెయిన్ ఆపండి."

అతను దుప్పటి కొస పట్టుకుని గోడనూ, బావనూ చూశాడు. దుప్పటి వదిలేశాడు.

"బావా, ఆగు," అని వెళ్లి మెయిన్ ఆపేశాడు.

ఆ రెండు మాటలకే ఆమెకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. టెస్టర్‌లో ఒక్క దీపమూ వెలగలేదని చూసుకుని సాకెట్టు విప్పింది. వెనక న్యూట్రల్ దగ్గర రెండు నల్ల తీగలు. ఒకటి బిగువుగా ఉంది. కిటికీ వైపు వెళ్లేది ముట్టుకోగానే ఊడి చేతికొచ్చింది. స్క్రూ రాగిని కాదు, పైనున్న ప్లాస్టిక్ తొడుగును పట్టుకుంది. చెక్కుచెదరని చేతిపని అదీ!

తొడుగు ఒలిచి, రాగిని బిగించి, మెయిన్ వేయించింది. కిటికీ పక్క సాకెట్లలో పెడితే టెస్టర్ మీద రెండు దీపాలూ వెలిగాయి. ఫ్యాను తిరిగింది.

"చెప్పానా, తీగలోనే ఉందని," అన్నాడు బావ. ఆమె టెస్టర్ పీకి బీరువాలో పెట్టేసింది. ఆయన గొంతు తగ్గించాడు. "అది కాదు చెల్లెమ్మా... మా వంటింట్లో కూడా ఒకటి నేనే మార్చాను. మీ వదినకి చెప్పకుండా, ఒకసారి నువ్వొచ్చి..."

"మంచి ఎలక్ట్రీషియన్ని పిలిపించుకోండి, అన్నయ్యగారూ," అని ఆమె మర్యాదగా తలుపు తీసి పట్టుకుంది.

ఆయన సంచీని మొగుడు అప్పటికే గడప అవతల పెట్టాడు.