నాకు వినబడిన లీకు

నాకు చెవుడని ఊరంతా చాటి, ఆ మాట వెనక్కి తీసుకోకుండానే పోయింది మా యాదవ్వ. అది తప్పు. కట్టుకున్నదైనా, చచ్చిపోయినా, తప్పు తప్పే.

రావల్కోల్‌లో పుట్టిన ఆ మాట మేడ్చల్‌లో నేను పనిచేసే మందు గోలీల కంపెనీ దాకా వచ్చింది. అక్కడ నా పనే వినడం. మోటారు మీద స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, బేరింగు మంచిదో పోయిందో చెప్పాలి. ఇరవై ఏళ్లు చెప్పాను. రెండు వేల మూడులో, బాగుందని నేను చెప్పిన బేరింగు మర్నాడే బిగుసుకుపోయింది. ఇంకొక్కటి తప్పితే గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చోబెడతానన్నాడు మేనేజరు.

"గేటుకాడ లారీ హారనన్న ఇనబడ్తదా, సోమన్నా?" అన్నాడు ఫిట్టర్ పరమేశ్.

"నీ కూతలు రోజు ఇనబడ్తనే ఉన్నయి. గవి ఇనబడకుంటె బాగుండు."

ఆ వారమే గాలి కంప్రెసర్ ఆగకుండా తిరగడం మొదలుపెట్టింది. పైపులో ఎక్కడో లీకు. సబ్బునీళ్ల బకెట్టు పట్టుకుని రెండు రోజులు జాయింట్లన్నీ తడిపాను. ఒక్క బుడగ రాలేదు. మూడో రోజు కొంపల్లిలో ఉండే సుధీర్ అనే కొత్త ఇంజనీరు ఒక మిషను తెచ్చాడు. టార్చిలైటంత ఉంది. దానికో తీగ, తీగ చివర చెవులకు పెట్టుకునే డిప్పలు.

"గిదేంది సారూ?"

"లీకు చప్పుడు పట్టుకుంటుందండి. మనిషి చెవికి అందనంత సన్నటి చప్పుడది. దాన్ని మనకు వినబడేటట్టు కిందికి దించుతుంది."

"అంటె గా సప్పుడు మీకు గూడ ఇనబడదా?"

"నాకే కాదండీ, ఎవరికీ వినబడదు."

"పరమేశ్‌కు?"

"ఆయనకీ అంతే."

"రావల్కోల్‌ల ఎవ్వలికన్న?"

సుధీర్ నవ్వాడు. "ఏ ఊళ్లోనూ వినబడదండి. కుక్కలకు వినబడుతుందేమో."

ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టలేదు. చదువుకున్నవాళ్లు నోటితో అన్నంత తేలిగ్గా కాగితం మీద పెట్టరు.

డిప్పలు పెట్టుకుని పైపు వెంట నడిచాను. ముందు ఏమీ లేదు. మిషను పక్కనున్న, చప్పుడు పెంచే చిన్న చక్రం తిప్పుతూ పోయాను. గోడకు ఆనుకున్న ఒక జాయింటు దగ్గర, మూకుట్లో తాలింపు పడ్డట్టు సుయ్యిమంది. చెయ్యి దూరని సందు. సబ్బునీళ్లు అక్కడికి చేరనే లేదు.

"దొరికింది! గీడున్నది!"

పరమేశ్ నోరు తెరిచాడు. వాడు మూసేదాకా వాడినే చూశాను.

"ఏదీ, నేనూ వింటాను" అని సుధీర్ డిప్పలు తీసుకున్నాడు. పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే ఎగిరి, రెండు చేతులతో పీకేశాడు.

"ఓర్నాయనో! పది మీద పెట్టారేంటండీ! నాకు మూడే ఎక్కువ!"

పరమేశ్ వంగి చక్రం మీది అంకె చూశాడు. దాని మీద పది దాకానే ఉన్నాయి. పదకొండు ఉంటే అదీ తిప్పేవాణ్ణి.

"వదినె అబద్ధమాడలే" అన్నాడు వాడు, నాకు వినబడనంత మెల్లగా. పెదవులు చూసి పట్టాను.

సుధీర్ చెవులు రుద్దుకుంటూ, "పది మీద వింటే ఏమైందండీ, లీకు పట్టింది ఈయనే కదా. మిషను ఈయన దగ్గరే ఉంచమని చెబుతాను" అన్నాడు. చెప్పాడు కూడా. నేను గేటుకు పోలేదు.

ఇంట్లో యాదవ్వ అంత గట్టిగా ఎందుకు అరిచేదో ఆ రోజే తెలిసింది. తెలిసినంత మాత్రాన వదిలేసినట్టు కాదు. ఊరికి చాటే బదులు ముందు నాతో ఒక్కమాట చెప్పవలసింది. చెప్పిందేమో. నాకు వినబడలేదు.

ఎవరడిగినా సరే, ఈ ముచ్చట మళ్లీ నా నోట రాదు.