బొగ్గుబాయి మీది గదులు

వినోద గదిలో నేల నెర్రెవిచ్చింది. గదుల యజమాని సేఠ్ మనుషులు సిమెంటు పూసి పోయారు. మర్నాటికి నెర్రె మళ్ళీ తెరుచుకుని, పాలు తాగే పిల్ల ఉయ్యాల కిందిదాకా వచ్చింది.

పరాయి రాష్ట్రంలో, భేస్తాన్‌లో ఆ వరుసంతా వలస వచ్చిన మగ్గాల కార్మికుల గదులు. లాక్‌డౌన్ పెట్టి నెల దాటింది. మగ్గాలు ఆగాయి, ఊరికి పోయే రైళ్ళూ ఆగాయి.

అదే వరుసలో ఉండే రాజమల్లు వయసులో ఉండగా గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగినవాడు. అక్కడ గని కప్పు తట్టినట్టే ఇక్కడ నేలను ఇనుప కడ్డీతో తట్టి చెవి పెట్టాడు.

"డొల్ల బిడ్డా. తెల్లోళ్ళ కాలంల బొగ్గుబాయి ఉండెనని ఈడి ముసలోళ్ళు చెప్తరు గద, గదే. బూడిద పోసి పూడ్సి, మీద గదులు లేపి మనకు కిరాయికిచ్చిండు సేఠు."

వరుస వరుసంతా కదిలి సేఠ్ గేటు ముందు నిలబడింది. గట్టి నేల మీద ఎక్కడైనా గదులు చూపించమన్నారు. సేఠ్ మేడ మీంచే నవ్వాడు.

"కోయ్‌లా ఖదాన్? ఇధర్? సబూత్ దిఖావ్."

బొగ్గుబాయి ఉండేదనడానికి రుజువు కావాలట. బొగ్గు బండ్లు నడిచిన ట్రాం పట్టాలు రెండు, పది రోజుల కింద మోరీ కాలువ తవ్వుతుంటే దొరికాయి. ఆ బాయికి మిగిలిన ఆనవాళ్ళు అవే. వాటిని పాత ఇనుము కింద అమ్మి పిండి తెచ్చుకున్నారు. ఆ పిండి పిసికిన చేతుల్లో వినోదవీ ఉన్నాయి. ఆకలి ముందు సాక్ష్యం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

"సబూతును రొట్టెలు చేసుకొని తింటిమి పెద్దయ్యా," రాజమల్లుతో అంది గుంపులోని ఎల్లవ్వ.

సేఠ్ ఫోన్‌తో పోలీసు జీపు వచ్చింది. "కరోనా హై. సబ్ అందర్ జావ్."

"లోపలికి పొమ్మనుడంటే పాతిపెట్టుడే సాబ్," అన్నాడు రాజమల్లు. భుజం మీద లాఠీ పడింది. ఈడ్చి జీపులో పడేశారు.

"పిల్లను తీస్కొని లోపలికి నడువు," అన్నాడు వినోద మొగుడు పరుశురాం. "కేసయితే మల్ల ఎవడు పనిస్తడు?"

"ఏ లోపలికి? నువ్వు వాకిట్ల పండుకుంటవు. పిల్ల నెర్రె మీద పండాల్నా?"

వినోద పిల్లను చంకనేసుకుని పోయి జీపు మెట్టు మీద కాలు పెట్టింది.

"తుమ్‌కో కిస్‌నే బులాయా?" అన్నాడు పోలీసు.

"ఎవలు పిలువలే. లాకప్‌ల నేల గట్టిగుంటది గద సాబ్. ఇయ్యాల నా బిడ్డ ఆడ పండుతది."

ఆమె వెనకే ఎల్లవ్వ ఎక్కింది. జీపు నిండింది. కింద ఇంకా నలభై మంది ఉన్నారు. సేఠ్ దిగొస్తాడని ఎవరికీ ఆశ లేదు. తిరిగొచ్చేసరికి గదులకు వేరే తాళాలుంటాయనీ తెలుసు. అయినా ఒక్కరూ వెనక్కి తిరగలేదు, జీపు ముందు వరుస కట్టారు.

పరుశురాం కూడా ఆ వరుసలోకి వచ్చి నిలబడ్డాడు.

"సాబ్, ఇంకో బండి పిలువుండ్రి."