పానా గుర్తు ఆర్పిన మనిషి

గడియారాలాయనకి చేతులు ఊరుకోవు. అదే ఆయన గొప్ప, ఆయన భార్య కష్టమూ అదే. కొట్టు నడిచినన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ గడియారాలు ఆ చేతుల్లో పడి బాగుపడ్డాయి. అందరూ ఫోన్లో టైము చూసుకోవడం మొదలుపెట్టాక కొట్టు మూసేసి ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఇక ఇంట్లో నోరులేని వస్తువులన్నిటికీ గడ్డుకాలం మొదలైంది. ఫ్యాను విప్పాడు, కుళాయి విప్పాడు, శుభ్రంగా పనిచేస్తున్న తలుపు గొళ్ళెం కూడా విప్పాడు. ఫ్యాను మళ్ళీ తిరిగింది గానీ, ఆ తలుపు మాత్రం బయటినుంచి ఎవరైనా భుజంతో నెడితే తప్ప తెరుచుకునేది కాదు.

ఆవిడ బేకరీ రొట్టెలు చిన్న వ్యాన్లో కొట్లకి చేరవేస్తుంది. వ్యాను ఆవిడదే, నడిపేదీ ఆవిడే. మొగుడు ఖాళీగా కూర్చుని గోడల వంక చూస్తుంటే ఆవిడకి చూడబుద్ధయ్యేది కాదు. ఒక మధ్యాహ్నం తాళాలు ఆయన చేతిలో పెట్టింది.

"బండిలో పసుపు రంగు పానా గుర్తు వెలుగుతోంది. సర్వీసు చెయ్యమని. ఇకమీదట బండి మంచీచెడ్డా మీరే చూసుకోండి, నాకు తీరిక లేదు."

చెప్పొద్దూ, గడియారాలాయన ఆ క్షణాన వెన్ను నిటారుగా చేసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ బండెక్కాడు.

వీధి మలుపు దాటాక ఆయన కన్ను ఆ పానా గుర్తు మీద పడింది. కన్ను పడితే చెయ్యి ఆగుతుందా? బండి పక్కకి ఆపి, ఫోన్లో వీడియో ఒకటి వెతికి చూశాడు. అందులో అబ్బాయి చెప్పినట్టే తాళం సగం తిప్పి, మీటరు కింద బొత్తాం నొక్కి పట్టుకున్నాడు. గుర్తు టపటపా కొట్టుకుని ఆరిపోయింది. ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది. ఆ అబ్బాయి వీడియో మొదట్లోనే "ఆయిల్ మార్చాక" అని చెప్పాడు. కానీ మొదలంతా సోది అనుకుని ఈయన దాన్ని దాటేసి చూశాడు.

ఇందులో ఆయన్ని మరీ తిట్టడానికి లేదు. గడియారం పనివాడికి ముఖమే లోకం. ముళ్ళు సరిగ్గా నడుస్తున్నాయంటే లోపల చక్రాలన్నీ సవ్యంగా ఉన్నట్టే. బండి కూడా అంతే కాబోలు అనుకున్నాడు పాపం.

అరగంటైనా కాకముందే ఈల వేసుకుంటూ తిరిగొచ్చాడు.

"అప్పుడే అయిపోయిందా?" అంది ఆవిడ.

"మెకానిక్ దాకా ఎందుకు? నేనే చేసి పడేశాను. చెయ్యి తిరిగినవాడికి అదెంత పని!"

ఆవిడ ఆయన వంక ఎగాదిగా చూసింది. రెండు రోజులాగి, "పొద్దున్నే నాతో రండి. మీరు బాగుచేసిన బండి ఎలా నడుస్తోందో చూద్దురుగాని" అంది.

అలా మొదలైంది ఆయన పక్క సీటు వైభోగం. చీకటితోనే లేవడం, వేడి రొట్టెల వాసన మధ్య కూర్చోవడం, కొట్టు రాగానే దిగి ట్రేలు అందించడం. కొట్లవాళ్ళు నాలుగు రోజుల్లోనే ఆయనకి అలవాటైపోయారు. దారంతా ఆయన కబుర్లు, ఆవిడ ఎదురు కబుర్లు. మూసేసిన కొట్టుని ఆయన తల్చుకోవడం కూడా మానేశాడు. అద్దం ముందు నిలబడి ఈల వేస్తున్నాడని పక్కింటావిడ గమనించి మరీ చెప్పింది.

ఆ పక్కింటావిడ కొడుకు ట్యాక్సీ నడుపుతాడు. ఒక సాయంత్రం అతని కారులో అదే పసుపు పానా కనిపించేసరికి గడియారాలాయన భుజాలు ఎగరేశాడు.

"జరుగు, చిటికెలో ఆర్పేస్తాను. మా బండికి అలాగే సర్వీసు చేశాను."

ట్యాక్సీ అబ్బాయి ముందు నవ్వాడు. ఈయన నవ్వకపోయేసరికి అతని నవ్వు ఆగిపోయింది.

"బాబాయ్, అది ఇంత దూరం తిరిగావు, ఆయిల్ మార్చుకో అని గుర్తుచేసే దీపం. మార్చాక ఆర్పాలి. ముందే ఆర్పేస్తే ఇక అది చాన్నాళ్ళు గుర్తుచెయ్యదు. పాత ఆయిల్‌తోనే తిప్పితే ఒకరోజు ఇంజను పట్టేస్తుంది."

గడియారాలాయన గుండెల్లో రాయి పడింది.

ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇంజను పట్టేస్తే ఆవిడ పని ఆగిపోతుంది. నిజం చెబితే ఆవిడ తాళాలు వెనక్కి తీసుకుంటుంది, పక్క సీటు పోతుంది, మళ్ళీ ఆ గోడలే గతి. మర్నాటి నుంచి బండిలో కూర్చుంటే ఒక చెవి కబుర్ల మీద, ఒక చెవి ఇంజను మీద. బండి గుంతలో పడితే చాలు, ఈయన సీటు పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "ఏమైందండీ, కడుపులో తిప్పుతోందా?" అని అడిగేది ఆవిడ. ఆయన వెనక్కి తిరిగి ట్రేలు లెక్కపెట్టడం మొదలుపెట్టేవాడు.

ఆదివారం బేకరీకి సెలవు. "బండి కడిగించుకొస్తాను" అని చెప్పి, వ్యాను నేరుగా మెకానిక్ షెడ్డుకి తోలాడు. మెకానిక్ ఎప్పటినుంచో తెలిసినవాడే. ఆవిణ్ణి పిన్నీ అని పిలుస్తాడు. కారు కింద పడుకున్నవాడు తల బయటికి పెట్టి పలకరించాడు.

"అబ్బాయ్, ఆ పానా గుర్తు మళ్ళీ వెలిగించగలవా?" అన్నాడు గడియారాలాయన గొంతు తగ్గించి. అది వెలిగితే ఆవిడే సర్వీసుకి పంపుతుంది, తన గుట్టు తన దగ్గరే ఉంటుంది. దారంతా ఆలోచించి తేల్చుకున్న ఉపాయం అది.

మెకానిక్ కారు కిందనుంచి పూర్తిగా బయటికొచ్చాడు. "నా సర్వీసులో అందరూ ఆర్పమని అడిగినవాళ్ళే బాబాయ్. వెలిగించమన్నది మీరొక్కరే."

ఇక దాచి లాభం లేకపోయింది. ఉన్నదంతా కక్కేశాడు. "నన్ను ఏమైనా అనుకో. ముందు ఆ పాత ఆయిల్ తీసేసి కొత్తది పొయ్యి. మీ పిన్నికి మాత్రం తెలియనివ్వకు."

మెకానిక్ తల గోక్కున్నాడు. పానా తీశాడు, మళ్ళీ కింద పెట్టాడు. వ్యాను చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. చివరికి, "నావల్ల కాదు బాబాయ్. మంచి ఆయిల్ నేలపాలు చెయ్యడానికి నాకు మనసొప్పదు" అని ఇంజను మూత ఎత్తి, ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి ఆయన ముందు పెట్టాడు. పుల్లకి అంటుకున్న ఆయిల్ తేనెరంగులో మెరిసింది.

"మీరు దీపం ఆర్పిన మర్నాడే పిన్ని బండి తీసుకొచ్చింది. నేనే మార్చాను. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

గడియారాలాయన అక్కడున్న పాత టైరు మీద కూలబడ్డాడు. ముందు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత ఎందుకో కళ్ళు చెమర్చాయి. ఇప్పుడు తను నోరు మూసుకుంటే చాలు. బండి బాగుంది, పక్క సీటు భద్రం, అడిగేవాళ్ళు లేరు. ఇంటికి వెళ్ళే దారిలో ఆ మాటే తనకి తాను చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఆవిడ పెరట్లో రొట్టెల ట్రేలు కడుగుతోంది. "కడిగించారా?" అంది తలెత్తకుండానే.

"లేదు. బండి కడిగించలేదు. ఆ రోజు సర్వీసూ చెయ్యలేదు. దీపం ఆర్పడమే సర్వీసు అనుకున్నాను. తప్పని తెలిశాక కూడా నీకు చెప్పలేకపోయాను."

ఆవిడ కుళాయి కట్టేసింది. "నాకు ఆ రోజే తెలుసు. సర్వీసు చేసొచ్చిన మనిషి చేతులు అంత తెల్లగా ఉంటాయా?"

"మరి అడగలేదేం?"

"మీరు ఈల వేస్తున్నారు. అడగబుద్ధి కాలేదు. సరే, తెలిశాక ఎందుకు దాచారు?"

"తాళాలు తీసేసుకుంటావని. పక్క సీటు పోతుందని."

ఆవిడ తడి చేతులు నడుం మీద వేసుకుని ఆయన్ని చూసింది. కోపమో నవ్వో ఆయనకి అంతుపట్టలేదు.

"సర్వీసు చేశారని ఇచ్చిన సీటనుకున్నారా అది? మీరు కొట్లో ఉన్నన్నాళ్ళూ ఆ బండిలో నేనొక్కదాన్నే. మాట్లాడ్డానికి మనిషి లేక రొట్టెలతో మాట్లాడేదాన్ని. ఏం చెప్పినా అవి ఊ కొట్టేవి కావు."

గడియారాలాయన పంచె ఎగ్గట్టి, గుడ్డ అందుకుని, ఆవిడ పక్కన కూర్చుని ట్రేలు తుడవడం మొదలుపెట్టాడు. ఒక ట్రే తుడిచి పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, "ఊఁ" అన్నాడు.