దొంగలన్న మాట

కరీంనగర్‌లో వకీలు మమతారాణి నోటీసు చదివి వినిపిస్తుంటే, బుచ్చవ్వ ఎదుట కూర్చుని వింటోంది. పెనిమిటి పోయేముందు చేతిలో పెట్టిన నిజాం కాలపు వెండి రూపాయిని, పాత నాణేలను పరీక్షించి స్థాయి నిర్ణయించే కంపెనీకి పంపిందామె. 'పాడైన నాణెం' అని రాసి తిప్పి పంపారు. ఆ కోపంలో, నాణేలు దాచుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టి గొంతు చించుకుంది: "వీళ్లు దొంగలు. నా రూపాయి మార్చిండ్రు. ఎవ్వలు పంపకుండ్రి." పరువునష్టం దావా వేస్తామని కంపెనీ నోటీసు ఇచ్చింది.

"పంపొద్దన్నదానికి జవాబు చెప్పుకోవచ్చు గని అవ్వా, దొంగలన్నవు సూడు, అండ్లనే చిక్కు. మార్చిండ్రని రుజువున్నదా?" అంది వకీలు.

"ఇంకేం రుజువు బిడ్డా? చింతపండు పెట్టి తళతళ తోమి పంపిన. గసొంటిది పాడైందెట్లయితది?"

మమతారాణి కలం కింద పెట్టింది. "తోమినవా? తోముడుతోనే పాడైందవ్వా. నాణెం మీది పాత రంగు ఒక్కపారి పోతే మళ్ల రాదు."

"దేవుని సామాన్లు తోమినట్టే తోమిన. ఆయన రూపాయిని మురికితోని పంపుతనా?"

"తప్పయిందని అదే గ్రూపుల చెప్పు. దావా దాక పోకుండ నేను మాట్లాడుత."

బుచ్చవ్వ ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "వాళ్లు మార్చలే. మా ఆయన రూపాయిని నేనే ఖరాబు చేసుకున్న."

అసలు రూపాయి ఆ కంపెనీలో ఎక్కడో చెక్కుచెదరకుండా ఉందని ఇన్నాళ్లూ నమ్మింది. ఆ మాట పలికాక అదీ లేకుండా పోయింది.