సెక్రటరీగారి సమాధిలో గొడుగు

చర్చి కమిటీ సెక్రటరీగారు బతికుండగానే కట్టించుకున్న సమాధిలో ఆ ఉదయం ఎవరో శవమై పడుకొని ఉన్నారు.

మొదట చూసింది శ్మశానం కాపలాదారు. మనిషి సన్నగా, నిటారుగా ఉంటాడని అందరూ గునపం అంటారు. ఆదివారం ఆరాధన అవగానే సెక్రటరీగారు చర్చి వెనకకొచ్చి తన సమాధిని చూసుకొని మురిసిపోతారు కదా, ముందే తుడిచి ఉంచుదామని గునపం తాళం తీశాడు. తలుపు తోశాడు. చేతిలో తడిగుడ్డ జారి కిందపడింది.

అది అలాంటిలాంటి సమాధి కాదు. సెక్రటరీగారిది బాత్రూం టైల్సు వ్యాపారం. కొట్లో ఉన్న మేలు సరుకంతా తెచ్చి గోడలకు అంటించారు. లోపల రెండు అరుగులు. వెడల్పుది తనకు, ఇరుకుది ముసలి తండ్రికి. కుళాయి ఒక్కటే తక్కువైందని జనం నవ్వుకున్నారు. పాస్టరుగారు నవ్వలేదు. కింద కూడబెట్టింది చిమ్మటల పాలు, పైన దాచుకున్నదే మీది అని ఏడాదికి నాలుగుసార్లైనా ప్రసంగించేవారు. సెక్రటరీగారు ముందు వరసలో కూర్చొని భక్తిగా తల ఊపేవారు. చిమ్మటలు టైల్సు తినవని ఆయన ధీమా.

గునపం గుండె చిక్కబట్టుకొని ముఖంలోకి చూశాడు. చర్చి గేటు పక్కన గొడుగులు బాగుచేసే ముసలాడు. మొన్ననే పోయాడు. చందా కట్టనివాడికి శ్మశానంలో చోటు లేదని కమిటీలో రూలు పెట్టించింది సెక్రటరీగారే. పాస్టరుగారు వెళ్లి బతిమాలినా ఆయన కరగలేదు. మునిసిపాలిటీ బండి వచ్చి తీసుకుపోయి ఉంటుందిలే అనుకున్నాడు గునపం. తీరా చూస్తే ముసలాడు ఇరుకు అరుగు మీద జమీందారులా పడుకొని ఉన్నాడు. తల కింద మెత్తటి దిండు, పక్కన చుట్టిన గొడుగు.

తాళం పగల్లేదు. తాళంచెవులా, రెండే. ఒకటి గునపం నడుముకు, రెండోది సెక్రటరీగారింట్లో. ఇంక దొంగెవరో ఎవరైనా చెప్పేస్తారు. ఉద్యోగం పోతే దాంతోపాటు గేటు పక్కన గదీ పోతుంది. ఆ గదిలో గునపం పెళ్లాం నిండు చూలాలు.

ముసలాణ్ణి ఎత్తుకుపోయి పొదల్లో దాచేద్దామని కాళ్లు పట్టుకున్నాడు. అంతలోనే గేటు కిర్రుమంది.

ముగ్గురొచ్చారు. ముందు సెక్రటరీగారు, వెనక కర్ర పొడుచుకుంటూ ఆయన తండ్రి, ఆ వెనక నడుం మీద చెయ్యి వేసుకొని వంకరగా నడుస్తూ పాస్టరుగారు.

సెక్రటరీగారు శవాన్ని చూశారు. వంగి, టైల్సేమైనా పగిలాయేమోనని తడిమి చూశారు. ఆ తరువాతే కోపం తెచ్చుకున్నారు.

"ఎంత తీసుకున్నావురా?"

పైసా ముట్టలేదని గునపం ఒట్టేశాడు. సెక్రటరీగారు వినలేదు. సాయంత్రానికల్లా గది ఖాళీ చేయాలన్నారు. గునపం దిక్కుతోచక పాస్టరుగారి వైపు చూశాడు. ఆయన తేలు కుట్టిన దొంగలా ఓసారి అటూ ఇటూ చూసి, గట్టిగా కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టారు. చనిపోయినవాడి కోసం, వానల కోసం, దేశాలేలే వాళ్లందరి కోసం ప్రార్థించారు. ఎక్కడా ఆమేన్ వచ్చే సూచన కనపడలేదు.

గునపం చూపు దిండు మీద పడింది.

"అయ్యా, ఒక్క మాట. మేం తల కింద గోనెసంచి మడిచి పెట్టుకుంటాం. అట్లాంటి దిండే నా దగ్గరుంటే నా పెళ్లాం తల కింద ఉండేది. శవానికెందుకు పెడతాను?"

సెక్రటరీగారు వంగి చూశారు. దిండు గలీబు మీద రెండు చిలకలు. ఒకదానికి ముక్కు వంకర. ఆ కుట్టు ఆయనకు తెలుసు. చనిపోయిన తల్లి చేతి కుట్టు. మెల్లగా తండ్రి వైపు తిరిగారు. పాస్టరుగారి ప్రార్థన కూడా దేశాల మధ్యలో ఎక్కడో ఆగిపోయింది.

ముసలాయన కర్రను గోడకు ఆనించి, తీరిగ్గా తన అరుగు అంచున, గొడుగు పక్కన కూర్చున్నాడు.

"ఏంట్రా ఆ చూపు? నేనే. తాళంచెవి మన హాల్లో మేకుకే వేలాడుతోందిగా, తీశాను. నిన్న మధ్యాహ్నం ఈ గునపం తిని గుర్రు పెడుతుంటే తీసుకొచ్చాం. తల నేను పట్టుకున్నా, కాళ్లు పాస్టరుగారు పట్టుకున్నారు. అందుకే ఆయన నడుం పట్టేసింది, ప్రార్థన సాగిపోయింది. వాణ్ణి పడుకోబెట్టింది నా అరుగు మీద, నీదాని మీద కాదు. నేనింకా చావలేదు కదా, ఊరికే ఖాళీగా ఎందుకని అద్దెకిచ్చాను. అద్దె ఇక్కడ కాదురా, పైన. నా బతుకంతా నీకు కొట్టు నిలబెట్టడానికే సరిపోయింది. అక్కడ నా పేరున దాచింది గుండుసున్నా. వీడికి మాత్రం ముందు వరసేనని పాస్టరుగారే అన్నారు. వడ్డించేవాడు మనవాడైతే ఏ బంతిలో కూర్చుంటే ఏం? గేటు దగ్గర కూర్చోవడం వీడికి అలవాటే. నేను పోయేసరికి అక్కడ నా గురించి ఒక మాట చెప్తాడు. గునపాన్ని వదిలెయ్, వాడికేం తెలీదు. నాకు చోటు పోయిందని బెంగ పెట్టుకోకు. నీ అరుగు వెడల్పుగానే కట్టించావుగా. నువ్వు కాస్త జరిగితే చాలు."