కట్టుతీగ

"చాయ్ ఇచ్చేటప్పుడు చేతులు కొంగు కింద పెట్టుకో," అని మా అత్త పెద్దసుబ్బమ్మ పొద్దున్నే చెప్పింది. నా మొగం గూడా చూడకుండా, ఆకులో సున్నం రాసుకుంటా చెప్పింది. చేతులు కొంగు కింద పెట్టుకుంటే గ్లాసులు దేంతో పట్టుకోవాల్నో మాత్రం చెప్పలేదు. నా గోర్ల సందుల్లో నల్లగా ఉంటాది. సర్ఫులో ఇసక కలిపి రుద్దినా, పెట్రోలు పోసి కడిగినా ఆ నలుపు పోదు. ఎవురన్నా చూసి "మీ కోడలి చేతులేంది ఇట్లుండాయి?" అని అడుగుతారంట. అడిగితే ఏమాయ? తన కొడుకు దుకానంలో బండ్లు బాగు చేసేది ఆ చేతులేనని చెప్పాల్సి వస్తాది. అదే మా అత్త భయం. మూడేండ్లుగా మా ఇంట్లో దాచిపెట్టేది ఏమన్నా ఉందంటే అది బంగారు కాదు, నా రెండు చేతులు.

మాది జమ్మలమడుగు, ప్రొద్దుటూరు రోడ్డు మీద. ముందర షెడ్డు, ఎనక ఇల్లు. రెండిటికీ నడుమ తెర మాదిరి ఒక నీలం టార్పాలిన్ పట్ట. మా అత్తే కట్టించింది, నాలుగు మూలలా కట్టుతీగ మెలేయించి. పట్టకు ఆ పక్క నాగేష్ మెకానిక్, అంటే నా మొగుడు. ఈ పక్క నేను. పెద్ద పని వచ్చినప్పుడల్లా ఆయన "ఇంజన్ దించాలన్నా, సాయంత్రం రాండి" అని గిరాకీని పంపించేసి, బండిని సందులోంచి ఎనక్కి తోసుకోని వస్తాడు. నేను ఇప్పుతా, చేస్తా, బిగిస్తా. సాయంత్రానికి అది మళ్ళీ ముందరికి పోతాది. "నాగేష్‌ది మంచి చెయ్యిబ్బా!" అని వాళ్ళు అంటాంటే పట్ట ఎనక అంట్లు తోముకుంటా వింటాంటా. నిజానికి శానా పనులకు ఇంజన్ దించే పనే లేదు. బండి ఎనక్కి తెచ్చేదానికి ఆ మాట ఒక సాకు.

మూడేండ్ల కింద ముద్దనూరు రోడ్డులో బండి మీది నుంచి పడి కుడి మణికట్టు ఇరగ్గొట్టుకున్యాడు. డాక్టరు చెప్పిన దినాలు కాకముందే కట్టు తానే కోసి పారేసినాడు, దుకానం మూస్తే గిరాకీ పోతాదని. ఆ చెయ్యి మళ్ళీ సరిగ్గా రాలేదు. బొటనేలూ దాని పక్కేలూ మొద్దుబారిపాయ. నట్టు పట్టుకుంటే పట్టుకున్యట్టే తెలీదు. ఆ పొద్దు నా ముందర కూచోని చిన్నపిల్లోని మాదిరి ఏడ్సినాడు. "ఇంగ నువ్వే నా చెయ్యి, నందినీ" అన్న్యాడు. ఆ ఒక్క మాటకు కరిగిపోతి. చెయ్యికి వేరే పేరుండదని ఆ పొద్దు నాకు తట్టలేదు.

నాకు ఆ పని వచ్చేదానికి ఎక్కువ దినాలు పట్టలేదు. మా పుట్టిల్లు పులివెందుల పక్కన పల్లె, మా నాయనకు గొర్లుండె. ఈనేటప్పుడు పిల్ల అడ్డం తిరిగితే నన్నే పిలుస్తాండె, నాది సన్న చెయ్యని. కంటికి కనపడనిదాన్ని ఏళ్ళతో ఎతికి పట్టుకునేది నేను ఆడనే నేర్చుకుంటి. మొదట్లో మా ఆయన స్టూలు మీద కూచోని చెప్తాంటే చేస్తాంటి. ఆరు నెలలకు నేను చేస్తాంటే ఆయన ఫోను చూసుకోబట్టె.

పోయిన దసరా సంగతి చెప్పాల, అది తలచుకుంటే నాకు ఇప్పటికీ అరికాలు మంట నెత్తికెక్కుతాది. ఆయుధపూజకు పానాలన్నీ నేనే కడిగి, తుడిచి, వరసగా పెట్టినా. పూజ పొద్దున నాకు ముట్టు వచ్చింది. మా అత్త ఎగిరెగిరి పడింది. "నీ నీడ గూడా పడనీయొద్దు ఆ సామాన్ల మీద!" అనె. పసుపు కుంకుమ ఆయన పెట్టినాడు, టెంకాయ ఆయన కొట్టినాడు. నేను పెరట్లో గోడకు ఆనుకోని గంట చప్పుడు వింటాంటి. మర్సనాటి పొద్దున ఆరింటికి ఇద్దరూ వచ్చి నిలబడినారు. "అర్జంటు బండి వచ్చిండాది, లెయ్ లెయ్." ఇంగా రెండో దినమే. పూజకు మైల, పనికి మాత్రం మైల లేదు. అడిగితే "మాటకు మాట ఎదురు చెప్పకు" అన్న్యాడు. ఆ పొద్దు గూడా చేసినా. సిగ్గులేనిదాన్ని, చేసినా.

ఇంగ ఈ పొద్దటి సంగతి. పెద్దముడియం ఆదినారాయణ బండి తోసుకోని వచ్చినాడు. ఇంజన్ హెడ్డు దగ్గర ఆయిలు కారుతాంది, దాని కిందుండే గ్యాస్కెట్టు మార్చాల. ఆ మండలంలో సగం బండ్లు ఆయన మాట మీదనే మా షెడ్డుకు వస్తాయి. మా ఆయన రోజూ మాదిరే "ఇంజన్ దించాలన్నా, సాయంత్రం రా" అన్న్యాడు.

ఆదినారాయణ స్టూలు లాక్కోని కూచున్యాడు. "దించేది లేదు, గించేది లేదు. పోయిన తూరి వేరే షెడ్డులో ఎవునికో ఇడిసిపెట్టి పోతే కొత్త పిస్టన్ తీసి పాతది ఏసినాడు. బండి నా కండ్ల ముందర నుంచి కదలకూడదు. ఈడనే ఇప్పుతావా సరే, లేకుంటే ప్రొద్దుటూరికి పోతా."

నేను చాయ్ ఇచ్చేదానికి పట్ట దగ్గరికి పోతి. మా ఆయన మొగంలో నెత్తురు లేదు. గ్లాసులు అందుకోను వచ్చినప్పుడు మెల్లగా అంటి, "మామా, నేను ముందరికి వస్తా. గంటలో అయిపోతాది."

"నీకేమన్నా పిచ్చా?" అని పండ్లు కొరికినాడు. "పెండ్లాంతో చేయిస్తాండాడని పెద్దముడియం దాకా చెప్పుకోవాల్నా? పోయి సంగటికి ఎసురు పెట్టు. అన్న ఈడనే తింటాడు."

"పోనీ, చైనుకు తీగ కట్టేది మర్సిపోవాకు."

"నాకు చెప్తావా? నీకు నేర్పిందెవురు?"

నిజమే, నేర్పింది ఆయనే. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకుంటి. ఇంజన్ ఫ్రేములో ఉండంగానే హెడ్డు తీసే పని ఆయన చెప్తే వచ్చిందే. ట్యాంకు దించాల, సైలెన్సరు, కార్బరేటరు తప్పించాల, మాగ్నెట్ మీది గుర్తు గాటుకు సరిగ్గా తెచ్చుకోవాల. నట్లు ఎదురెదురువి కొంచెం కొంచెం వదులు చేయాల, ఒక పక్కే ఇప్పితే హెడ్డు వంకర పోతాది. అన్నిటికంటే ముఖ్యంగా, పళ్ళచక్రం తీస్తానే లోపలి టైమింగ్ చైనును తీగతో ఫ్రేముకు కట్టేయాల. లేకుంటే జారి ఇంజన్ అడుక్కు పోతాది. మూడేండ్లుగా ఆ తీగ కట్టేది నేనే. ఆయన చేతులకు ఆ అలవాటే పోయింది.

పొయ్యి మీద ఎసురు మరుగుతాంది. నేను ఎర్రగడ్డలు కోస్తాండా గానీ చెవులన్నీ పట్ట ఆ పక్కనే. పానా రెండు తూర్లు కింద పడింది. నట్టు జారిన చప్పుడు, ఆయన దగ్గు, మళ్ళీ పానా. హెడ్డు కదలకపోతే సుత్తితో మెల్లగా కొడతాండాడు. వదులైంది. ఆ ఎనకనే సర్రుమని చైను జారి లోపల పడిన చప్పుడు నాకు తెలిసిపాయ. కత్తి నా చేతిలో అట్లే నిలిచిపాయ.

"ఏందది? ఏం పడింది లోపల?" అన్న్యాడు ఆదినారాయణ.

మా ఆయన చెప్పినాడు, నాకు ఇనపడేటట్టు గట్టిగానే. "ఏం లేదన్నా. చైనుకు కట్టే తీగ ఈడనే పెట్టుకోనుంటి. మా ఇంట్లో ఆడోళ్ళు యాడ పారేసినారో ఏమో. ఆడోళ్ళు సామాన్లు ముట్టుకుంటే ఇంతేనన్నా. వద్దంటే ఇనరు."

ఆదినారాయణ నవ్వినాడు. "మా ఇంట్లో గూడా ఇంతేలేప్పా!"

నాకు మైయంతా మంట పెట్టినట్టాయ. ఆడోళ్ళు ముట్టుకుంటే ఇంతేనంట! ఈ మూడేండ్లలో ఆ పెట్టెలోని ఒక్క పానా అయినా నేను ముట్టుకోకుండా ఈ ఇంట్లో పొయ్యి వెలిగిందా? నేను కట్టుకున్య చీర, ఆయప్ప జేబులోని ఫోను, మా అత్త నమిలే వక్కాకు, ఏది రాలేదు ఈ చేతుల మీద? పేరు లేకపాయ, పోనీలే అనుకుంటి. ఇప్పుడు ఆయన చేసిన తప్పుకు మాత్రం పేరు నాది. మంచి చెయ్యి ఆయనది, చెడ్డ చెయ్యి నాది. థూ, నా బతుకు!

అప్పుడు ఇనపడింది, ఆయన బండి పక్క నుంచి లేసిన చప్పుడు. "ఒక తూరి కిక్కు కొడితే పైకి వస్తాదిలేన్నా" అంటాండాడు. కిక్కు కొట్టినాడంటే చైను లోపల మడతపడి అడుగు పళ్ళచక్రంలో ఇరుక్కుంటాది. అప్పుడు నిజంగానే ఇంజన్ మొత్తం దించి చీల్చాల. ఆ మనిషికి అది తెలుసు. పరువు కోసం తెలిసి తెలిసి కొట్టబోతాండాడు.

"కిక్కు కొట్టొద్దు!" అని అరిసినా. నా గొంతు అంత గట్టిగా ఉంటాదని నాకే తెలీదు.

లోపల పడినదాన్ని పట్టి లాగాలంటే గట్టి తీగ కావాల. ఎతుక్కునే పని లేకపాయ, కండ్ల ముందరే ఉండె. పట్ట పై మూలకు చెయ్యెత్తి మెలిక ఇప్పినా. మూడేండ్లు ఎండకూ వానకూ బిగుసుకోని ఉండాది, ఏలు చీరుకుపోయి నెత్తురు వచ్చింది. ఇడిసిపెట్టలేదు. ఒక మూల తీగ వచ్చేసింది. పైన రెండో మూలది గూడా పీకినా, కట్టేదానికి ఇంకొకటి కావాల గదా. పట్ట మొత్తం కింద పడింది. రోడ్డు కనపడింది. పెద్దముడియం బస్సు పోతాంది, కిటికీల్లోంచి మనుషులు చూస్తాండారు.

మా ఆయన కాలు కిక్కు మీదనే ఉండాది.

"కాలు తియ్ మామా" అంటి. తీసినాడు.

బండి పక్కన గొంతుకూచోని తీగ కొన కొక్కెం మాదిరి వంచినా. చైను పోయిన సందులోకి మెల్లగా దించినా. కనపడేది ఏమీ లేదు, అంతా ఏళ్ళకే తెలియాల. ఒక తూరి తగిలి జారింది. ఆదినారాయణ స్టూలు మీది నుంచి వంగి "ఏంది నాగేషా, ఆడకూతురితో ఇంజన్‌లో చెయ్యి పెట్టిస్తాండావు? జాగ్రత్తమ్మా, ఏమన్నా ఇరిగితే!" అన్న్యాడు.

"ఉగాదికి నీ బండి ఇప్పింది ఈ చెయ్యే, పెద్దాయనా," అంటి తల ఎత్తకుండా. "అప్పుడు ఇరగలేదు. ఇప్పుడు గూడా ఇరగదు. నువ్వు వెలుతురుకు అడ్డం రావాకు."

ఆదినారాయణ మా ఆయన దిక్కు చూసినాడు. మా ఆయన నేల చూసినాడు. కాదని చెప్పలేదు. ఆ ఒక్కటీ చేసినందుకు ఆయన్ను పూర్తిగా తిట్టలేకపోతి.

రెండో తూరి కొక్కేనికి బరువు తగిలింది. ఊపిరి పట్టుకోని లాగినా. నల్లగా, ఆయిలు కారుతా చైను పైకి వచ్చింది. ఇంకో తీగ దాంట్లో దూర్చి ఫ్రేముకు మెలేసి, రెండు చుట్లు బిగించి కట్టినా. పాత గ్యాస్కెట్టు గీకేదానికి బ్లేడు అడిగితే మా ఆయన తెచ్చి నా అరచేతిలో పెట్టినాడు. మూడేండ్లలో ముందర షెడ్డులో ఆయన నాకు అందించిన మొదటి సామాను అది.

అప్పుడొచ్చింది మా అత్త, నోట్లో వక్కాకు, చేతిలో సంగటి కెలికే కట్టె. కింద పడిన పట్ట చూసింది, నన్ను చూసింది, రోడ్డు చూసింది. "ఏమే, సిగ్గూ శరం లేదా నీకు? పొయ్యి మీద ఎసురు ఇగిరిపోతాంది. నలుగురూ చూస్తాండారు. లేసి ముందు పట్ట కట్టు!"

నేను రెండు చేతులూ పైకెత్తి చూపించినా. మణికట్టు దాకా నలుపు, ఒక ఏలికి నెత్తురు. కొంగు నా నడుముకు దోపుకోనుండాది.

"తీగ లేదత్తా," అంటి. "ఇంజన్‌లో కట్టినా. ఆ పట్ట మడిచి లోపల పెట్టు."