గాజు తొట్టిలో కలుపు

పొద్దున్నే కాఫీ తాగి, పైపంచె చెంగుతో గాజు తొట్టి తుడవడం భావనారాయణకి అలవాటు. నూజివీడు కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. ఇంటి ముందుగదిలో, నలుగురూ సోఫా వేసుకునే చోట, ఆయన సముద్రాన్ని పెట్టుకున్నాడు. ఉప్పునీళ్లు బందరు నుంచి వచ్చేవి. చేపల లారీ యలమంద హనుమాన్ జంక్షన్ దాకా క్యాన్లలో తెచ్చేవాడు, బదులుగా సీజన్లో ఒక బుట్ట రసాల మామిడిపళ్లు పట్టుకుపోయేవాడు. రసం అంటే గుర్తొచ్చింది, దాన్ని చాకుతో కోసుకు తినేవాణ్ణి మావైపు మనిషి కింద జమకట్టరు. మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి, జుర్రుకోవాలి. సరే, తొట్టి సంగతి కదా చెబుతున్నది.

అందులో ఒక పగడపు రాయి, నారింజ ఒంటి మీద తెల్లచారలున్న చేపల జంట ఉండేవి. ఎనభై అయిదు వేసవిలో ఆ రాయి సందులోంచి, పిలవని చుట్టంలా, ఒక సముద్రపు పువ్వు బయటపడింది. పేరుకి పువ్వేగాని, అది ప్రాణి. చిటికెనవేలంత కాడ, పైన కుచ్చులాంటి పోగులు. తగిలితే చురుక్కుమంటుంది. భావనారాయణ తోటల మధ్య పుట్టినవాడాయె. మామిడికొమ్మ మీద బదనిక మొలిస్తే చెక్కిపారేసినట్టే, చాకు తీసి దీన్నీ ముక్కలుగా చెక్కేశాడు. బదనికయితే చచ్చేది. ఇది ముక్కముక్కా మళ్లీ ఓ పువ్వయి కూర్చుంది. ఏళ్ల తరబడి పిల్లలకి ఆ పాఠమే చెప్పాడు, పాపం! చూస్తూండగానే రాయంతా కమ్మేశాయి. పగడం పాలిపోయింది. చేపలు ఓ మూల నక్కి మేత మానేశాయి.

"కలుపు తీస్తానని నారు పోశారు," అంది భార్య అహల్య.

"రేపు రాయి పారేసి, చేపల్ని యలమందకిచ్చేస్తాను," అన్నాడాయన, నీరసంగా.

ఆ రేపే బుల్లెమ్మ ప్రయాణం కూడా. బుల్లెమ్మ భావనారాయణకి అక్క. భర్త పోయిన దగ్గర్నుంచి తమ్ముళ్ల దగ్గరే ఉంటోంది. ఆవిడ చెయ్యి తగిలితే ఏ పచ్చికాయైనా పండుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే తోటలవాళ్లు కాయలబుట్ట తెచ్చి "ఓసారి నిమరండమ్మా" అని అడిగి పట్టుకెళ్లేవాళ్లు. ఊరికి ఉపకారమేగాని, ఆవకాయకి మాత్రం గండం. ముక్క పచ్చిగా, పుల్లగా ఉండాలి గదా. ఆవిడేమో మరిచిపోయి ఓ కాయ తీసి చూస్తుంది, జాడీ అంతా బూజు పడుతుంది. అందుకని ఆవకాయ రోజులు రాగానే ఆవిణ్ణి జి. కొండూరులో చిన్నతమ్ముడు గంగాధరం ఇంటికి పంపేవారు. అక్కడ జామపిందెలు పడగానే, అవీ ముందే పండిపోతాయని, మళ్లీ ఇక్కడికి. ఇలా బస్సుల్లో తిరగలేక, ఒక్కచోట ఉండిపోవాలని ఆవిడకి మహా ఆశ. ఎవర్నీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ తొట్టి దగ్గర కూర్చుని చాలాసేపు చూసింది.

"ఒరే భావనా, ఇవి పచ్చిగా ఉన్నాయిరా. అందుకే పట్టు వదలట్లేదు. పండితే వాటంతటవే రాలతాయి."

"పండితే లోపల గింజ ఉంటుందేమో వదినా! ఇల్లంతా మొలుస్తాయి," అంది అహల్య కంగారుగా.

"గింజా లేదు, టెంకా లేదు. చెయ్యి పెట్టక్కయ్యా. కాస్త చురుక్కుమంటుంది మరి."

"మీ బావతో కాపరం చేసినదాన్ని. ఇదో లెక్కా!"

బుల్లెమ్మ మోచేతిదాకా తొట్టిలో పెట్టి ఒక్కో పువ్వునీ వేలితో నిమిరింది. మట్టిరంగు కాడ పసుపెక్కింది, కుచ్చు మెత్తబడి వాలింది, కాడ రాయిని వదిలి పైకి తేలింది. గదంతా మాగిన పండు వాసన. అహల్య టీ వడగట్టే జల్లెడతో వాటిని ఏరి బయట పడేసింది.

"చేపలకి తగలనివ్వకండి, ముసలివైపోతాయి."

"నాకు తెలీదుటే!"

పని సాగుతూంటే మాటలూ సాగాయి. "నేనింతవరకూ అసలు సముద్రం చూళ్లేదు వదినా," అంది అహల్య.

"నేనూ చూళ్లేదే. ఇంట్లోనే ఉందిగా అని ఎవరూ తీసుకెళ్లలేదు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. అహల్య ఆ ఇంట్లో అలా నవ్వి ఎన్నాళ్లయిందో! భర్త మాటలన్నీ చేపలతోనే అయిపోయేవి. సాయంత్రానికి చేపలు మూల వదిలి బయటికొచ్చి మేత తిన్నాయి. బుల్లెమ్మ రాయి సందులన్నీ తడిమి, ఒక్కటి కూడా మిగల్లేదని చెప్పి చెయ్యి తుడుచుకుంది.

మర్నాడు గంగాధరం వచ్చాడు. "పద అక్కయ్యా, బస్సు టైమయింది."

బుల్లెమ్మ చేతిసంచితో గుమ్మం దాకా వచ్చింది.

"ఆవిడెక్కడికొస్తారు?" అంది అహల్య. "రాయి వెనకాల ఇంకా బోలెడున్నాయి."

"మరి ఆవకాయో, వదినా?"

"పక్కింటి బసవమ్మగారి వసారాలో పెట్టుకుంటాను. నువ్వు కాఫీ తాగు."

గంగాధరం వంగి తొట్టిలోకి చూశాడు. "ఏవీ? ఒక్కటీ కనపడదే! నువ్వు చెప్పన్నయ్యా."

ముగ్గురూ భావనారాయణ వైపు తిరిగారు. ఉన్నది ఉన్నట్టు గియ్యకపోతే పిల్లల బొమ్మలు కొట్టేసిన మేష్టారాయన. కళ్లజోడు తుడుచుకుని, వంగి, నిదానంగా చూశాడు. శుభ్రమైన రాయి. దాని పక్కన చేపల జంట.

"మొలకలురా," అన్నాడు. "మామూలు కంటికి ఆనవు."

బుల్లెమ్మ సంచి కింద పెట్టి తొట్టి దగ్గరికొచ్చింది. తనూ ఓసారి వంగి చూసింది.

"అబ్బో, లేతవిరా తమ్ముడూ," అంది. "ఇప్పట్లో పండేవి కావు."